వెబ్‌లో బడి చిట్టా.. గూడేనికి అందని లెక్క

భద్రాచలం: దుమ్ముగూడెం మండలంలోని ఏదో ఒక కోయ గూడెంలో బిడ్డను ప్రాథమిక పాఠశాలకు పంపుతున్న తల్లి, ఆ బడిలో ఎందరు ఉపాధ్యాయులు ఉండాలో తెలుసుకోదలిస్తే ఆమె ముందు రెండు దారులున్నాయి. ఒకటి బడికి వెళ్లి అడగడం, రెండవది ఇంటర్నెట్‌లో చూడడం. మొదటి దారిలో సమాధానం దొరకడం అడిగినవారి ధైర్యం మీద, చెప్పేవారి సౌజన్యం మీద ఆధారపడి ఉంటుంది. రెండవ దారిలో సమాధానం సిద్ధంగానే ఉన్నది. అయితే అది ఆంగ్లంలో ఉన్నది. 11 అంకెల కోడ్ వెనుక ఉన్నది. పైగా అది సెప్టెంబరు 30వ తేదీన బడి ఎలా ఉన్నదో చెప్పే లెక్క తప్ప, ఈవేళ ఎలా ఉన్నదో చెప్పేది కాదు.

పాఠశాలల వెబ్‌సైట్లు ఎలా ఉండాలన్న చర్చ పట్టణాలలో రంగులు, ఫొటోలు, అక్షరాల సైజుల చుట్టూ తిరుగుతుంది. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామాలలో ఆ చర్చకు వేరే అర్థం ఉన్నది. ఇక్కడి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు, గిరిజన సంక్షేమ శాఖ నడిపే ప్రాథమిక పాఠశాలలకు సొంత వెబ్‌సైట్లు ఉండడం అరుదు. వాటి తరఫున వెబ్‌లో కనిపించేది కేంద్ర విద్యాశాఖ నిర్వహించే 'యూడైస్ ప్లస్' పుట ఒక్కటే. కాబట్టి ఈ ప్రాంతంలో ప్రాథమిక పాఠశాల వెబ్‌సైటును మదింపు చేయడమంటే ముందుగా ఆ పుటను మదింపు చేయడమే.

ఎవరి కోసం ఈ పుట?

జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డీపెప్) నడిచిన రోజులలో, అంటే 1990వ దశకం మధ్యలో, పాఠశాలల లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి 'డైస్' అనే పద్ధతి మొదలైంది. బడి నుంచి స్కూల్ కాంప్లెక్సుకు, అక్కడి నుంచి మండలానికి, మండలం నుంచి జిల్లాకు ఫారాలు వెళ్లేవి. 2000వ దశకంలో ఆ లెక్కలనే 'స్కూల్ రిపోర్ట్ కార్డు' పేరిట బడికి ఒక పుట చొప్పున ఇంటర్నెట్‌లో పెట్టారు. 2012-13లో ప్రాథమిక, ఉన్నత పాఠశాలల లెక్కలను కలిపి 'యూడైస్' అన్నారు. 2018-19 నుంచి అది 'యూడైస్ ప్లస్' అయింది. 2022-23 నుంచి బడుల వారీ మొత్తాలకు బదులు ఒక్కొక్క విద్యార్థి వివరం నమోదవుతోంది.

ఇంత చరిత్ర ఉన్న వ్యవస్థను తేలికగా తీసిపారేయడం న్యాయం కాదు. అడవి లోపలి 20 మంది పిల్లల బడికి కూడా దేశ పటంలో ఒక స్థానం కల్పించినది అదే. తరగతి గదులు ఎన్ని, మరుగుదొడ్డి ఉన్నదా, తాగునీరు ఉన్నదా, బాలికలు ఎందరు, బాలురు ఎందరు అన్న వివరాలు ఎవరైనా చూడవచ్చు. ఒకప్పుడు ఈ సమాచారం కోసం మండల విద్యాధికారి కార్యాలయం చుట్టూ పదిసార్లు తిరగవలసి వచ్చేది.

లోపమల్లా పుట ముఖం ఎటు తిరిగి ఉన్నదన్న దాంట్లోనే ఉన్నది. ఈ పుట పైవారి కోసం తయారైంది. నిధులు కేటాయించే అధికారికి, ప్రణాళిక వేసే నిపుణుడికి, పరిశోధకుడికి అది పనికివస్తుంది. ఫారంలోని గడులు వారి ప్రశ్నలకు జవాబులు. తల్లి అడిగే ప్రశ్నలు వేరు. రేపు బడి ఉన్నదా? సారు సెలవు పెడితే ఎవరు వస్తారు? మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఏ రోజు పెట్టాలి? పాఠశాల యాజమాన్య కమిటీలో ఎవరున్నారు, ఎప్పుడు కూర్చుంటారు? ఈ నాలుగింటిలో ఒక్కదానికైనా ఆ పుటలో జవాబు లేదు.

ప్రధానోపాధ్యాయుల మీద మాత్రం ఎక్కించే భారం ఏటేటా పెరుగుతూనే ఉన్నది. పాఠ్యపుస్తకాల లెక్క ఒక చోట, భోజనం లెక్క ఒక చోట, హాజరు మరొక చోట నమోదు చేయవలసి వస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నాటికే మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లో పెట్టవలసి వచ్చింది. తెలంగాణలో 2023 నుంచి ముఖ గుర్తింపు హాజరు ప్రవేశపెట్టారు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఫోను పట్టుకుని సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే సమయం బోధన సమయంలో నుంచి తగ్గవలసిందే. ఇంత శ్రమపడి పైకి పంపిన సమాచారం తిరిగి ఊరికి చేరే దారి మాత్రం ఎవరూ వేయలేదు.

సెప్టెంబరు 30 నాటి ఫొటో

యూడైస్ లెక్కకు ప్రామాణిక తేదీ సెప్టెంబరు 30. దేశమంతటికీ ఒకే తేదీ ఉండడం గణాంకాల దృష్ట్యా సబబే. ఏజెన్సీలో బడి జీవితం మాత్రం ఆ ఒక్క రోజున పట్టుబడేది కాదు. జులై, ఆగస్టు నెలల్లో గోదావరి వరద వస్తుంది. 2022 జులై 16న భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. మూడవ ప్రమాద హెచ్చరిక స్థాయి 53 అడుగులు అన్నది గుర్తుంచుకుంటే ఆ వరద తీవ్రత అర్థమవుతుంది. అటువంటి రోజుల్లో లోతట్టు గ్రామాల చదువులు ఆగిపోతాయి, కొన్ని బడులు పునరావాస కేంద్రాలవుతాయి. శీతకాలం చివర మిర్చి కోతలు మొదలైతే పిల్లలు తల్లిదండ్రుల వెంట కల్లాల వైపు వెళతారు. వేసవి ముఖాన తునికాకు సేకరణ వస్తుంది. సెప్టెంబరు చివర వరద తగ్గి, కోతలు ఇంకా మొదలుకాని సమయంలో రిజిస్టరు నిండుగా కనిపిస్తుంది. ఏడాది పొడవునా వెబ్‌లో ఉండేది ఆ నిండు రిజిస్టరే.

ఉపాధ్యాయుల సంఖ్య విషయంలో ఇది మరింత కీలకం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. దాని షెడ్యూలు ప్రకారం 1 నుంచి 5 తరగతుల బడిలో 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు ఉపాధ్యాయులుండాలి, ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు నడవాలి. సెప్టెంబరులో ఇద్దరున్న బడి నుంచి నవంబరులో ఒకరిని 'పనిసర్దుబాటు' పేరిట మరొక బడికి పంపితే ఆ ఏడాది లెక్కలో ఇద్దరే ఉంటారు. తెలంగాణలో ఖాళీలను కొంతమేర పూడ్చిన విద్యా వాలంటీర్లను కోవిడ్ కాలమైన 2020 తరువాత కొనసాగించలేదు. అందువల్ల పనిసర్దుబాటు ప్రభావం చిన్న బడుల మీద మరింత ఎక్కువగా పడింది. పుటలో అంకె, తరగతిలో మనిషి ఒకటి కాకపోతే ఆ తేడాను ముందుగా గుర్తించగలిగేది తల్లిదండ్రులే. పుట చూడలేనివారు కూడా వారే.

గుత్తికోయల ఆవాసాల సంగతి ఇంకొక మెట్టు కింద ఉన్నది. ఛత్తీస్‌గఢ్‌లో 2005లో సల్వా జుడుం మొదలైన తరువాత అడవి దాటి వచ్చి చర్ల, దుమ్ముగూడెం, పాల్వంచ, ములకలపల్లి ప్రాంతాలలో గుడిసెలు వేసుకున్న కుటుంబాల పిల్లలు చాలామంది సమీప బడికి నడిచో, ప్రత్యేక శిక్షణ కేంద్రాలలోనో చదువుకున్నారు. రికార్డులలో ఊరుగా లేని ఆవాసానికి బడి పుట ఉండదు. పుట లేని చోట లోపం కూడా కనిపించదు. ఎక్కడ బడి లేదో చూపించలేకపోవడం పాఠశాల వెబ్‌సైట్లన్నింటి సహజ బలహీనత. ప్రాథమిక పాఠశాల కిలోమీటరు దూరంలో ఉండాలన్న 2010 నాటి నమూనా నియమాన్ని సరిచూడాలంటే బడుల జాబితా చాలదు, ఆవాసాల జాబితా కూడా పక్కన పెట్టి చూడాలి.

ఒక డివిజన్.. చెదిరిన కోడ్‌లు

11 అంకెల కోడ్‌లో మొదటి 2 అంకెలు రాష్ట్రం, తరువాతి 2 జిల్లా, ఆపై 2 మండలం, 3 గ్రామం, చివరి 2 బడి. చూడడానికి ముచ్చటైన అమరిక. సరిహద్దులు కదలనంత కాలమే ఆ ముచ్చట.

పాత భద్రాచలం డివిజన్‌లో సరిహద్దులు పదేళ్లలో నాలుగుసార్లు కదిలాయి. 2014లో రాష్ట్ర విభజన సమయంలో పోలవరం ముంపు కారణంగా చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపాడు మండలంలో కొంత భాగం, భద్రాచలం రెవెన్యూ గ్రామం మినహా ఆ మండలం ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016 అక్టోబరు 11న ఖమ్మం నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. అదే పునర్విభజనలో వెంకటాపురం, వాజేడు మండలాలు జయశంకర్ భూపాలపల్లి జిల్లాకు వెళ్లి, 2019లో ములుగు జిల్లాకు మారాయి. 2022 ఏప్రిల్‌లో చింతూరు వైపు మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలో, కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు జిల్లాలో చేరాయి. ఉమ్మడి రాష్ట్రంలో 28తో మొదలైన కోడ్‌లు తెలంగాణ బడులకు 36తో మొదలయ్యాయి.

బడి కదలలేదు. దాని చిరునామా మాత్రం మారుతూ పోయింది. పదిహేనేళ్ల కిందట తన ఊరి బడిలో ఎందరు పిల్లలుండేవారో, ఇప్పుడు ఎందరున్నారో పోల్చి చూడాలనుకునే సర్పంచికి పాత పుట ఒక జిల్లా పేరు మీద, కొత్త పుట మరొక జిల్లా పేరు మీద వెతకవలసి వస్తుంది. చిన్న బడులను మూసివేయాలా, సమీప బడిలో కలపాలా అన్న ప్రతిపాదన వచ్చిన ప్రతిసారీ ఊరివారికి కావలసినది ఈ పోలికే. పిల్లలు ఎందుకు తగ్గారో, ఎప్పటి నుంచి తగ్గారో, ఉపాధ్యాయుడు వెళ్లిపోయిన తరువాత తగ్గారో ముందే తగ్గారో చూపించే ఆధారం చేతిలో లేకుండా అధికారి ముందు వాదించడం ఎవరికీ సాధ్యం కాదు.

భద్రాచలం పట్టణానికి కూతవేటు దూరంలోని ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది. ఇరుగుపొరుగు పిల్లలు రెండు రాష్ట్రాల బడులకు వెళ్లే ఈ చోట సెలవులు, పాఠ్యపుస్తకాలు, పథకాల పేర్లు అన్నీ వేరు. ఒక రాష్ట్రంలో 2019లో 'నాడు-నేడు' వస్తే, మరొక రాష్ట్రంలో 2022లో 'మన ఊరు-మన బడి' వచ్చింది. రెండు పథకాల కింద ఏ బడిలో ఏ పని జరిగిందో పోల్చి చూసుకునే పుట సరిహద్దు గ్రామాలవారికి ఎక్కడా లేదు.

మాధ్యమం 'తెలుగు'.. ఇంటి మాట కోయ

పుటలో 'బోధనా మాధ్యమం' అన్న గడి ఉన్నది. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లవాడి బడికి ఆ గడిలో తెలుగనో ఆంగ్లమనో ఉంటుంది. అది అబద్ధం కాదు, అలాగని అసలు సంగతీ కాదు. ఆరేళ్ల పిల్లవాడు మొదటిరోజు తరగతిలో కూర్చున్నప్పుడు ఉపాధ్యాయుడి మాట అతనికి అర్థమవుతుందా లేదా అన్నది ఏజెన్సీ బడిని అంచనా వేయడానికి మొదటి కొలత. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో కోయ, గోండి, సవర, కొలామి సహా 8 గిరిజన భాషలలో మాతృభాషా బోధన మొదలుపెట్టినప్పుడు తెలుగు లిపిలోనే కోయ వాచకాలు తయారుచేశారు. ఈ బడిలో అటువంటి పుస్తకాలు ఉన్నాయా, కోయ తెలిసిన ఉపాధ్యాయుడు ఉన్నాడా అన్నది పుట చూసినవారికి తెలియదు.

షెడ్యూల్డ్ ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000 జనవరిలో వచ్చిన జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. తీర్పులోని న్యాయసూత్రాల మాట ఎలా ఉన్నా, ఆ తరువాత ఏ గూడెం బడిలో పిల్లల భాష తెలిసినవారు ఎందరున్నారన్న ప్రశ్నకు ప్రాముఖ్యం పెరిగింది. ఒక్క గడి చేర్చితే చాలు, ఈ సంగతి జిల్లా మొత్తానికీ ఒక్క చూపులో తేలుతుంది. పైవారు అడగని ప్రశ్న కాబట్టి ఆ గడి పుటలోకి రాలేదనుకోవాలి.

పట్నం బడుల వెబ్‌సైట్లు

ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వంటి పట్టణాలలోని ప్రైవేటు పాఠశాలల సంగతి ఇందుకు భిన్నం. ఈ తరహా వెబ్‌సైట్లలో సాధారణంగా ముందుగా కదిలే ఫొటోలు, ఆపైన ర్యాంకులు, ప్రవేశాల ప్రకటన, ఫోన్ నంబరు ఉంటాయి. ఫీజు ఎంతో మాత్రం ఫోన్ చేస్తేనే తెలుస్తుంది. ఉపాధ్యాయుల విద్యార్హతలు, గుర్తింపు గడువు, తరగతికి పిల్లల సంఖ్య వెతికినా దొరకడం కష్టం. ఉమ్మడి రాష్ట్రంలో 1994లో వచ్చిన జీవో 1 ఫీజుల రాబడిలో సగం సిబ్బంది జీతాలకు పోవాలని, యాజమాన్యం వాటా 5 శాతం మించరాదని చెప్పింది. ఆ నిష్పత్తిని వెబ్‌సైట్‌లో ప్రకటించిన బడి ఉంటే దానికి వేరే ప్రచారం అక్కరలేదు. ప్రభుత్వ బడి పుట అధికారి వైపు తిరిగి ఉంటే, ప్రైవేటు బడి పుట కొనుగోలుదారు వైపు తిరిగి ఉన్నది.

ఫొటోల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పిల్లల ముఖాలు, పేర్లు, తరగతి, మార్కులు ఒకే పుటలో పెట్టడం ముచ్చటగా కనిపించినా క్షేమం కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి ఉండాలన్నది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. గిరిజన బడికి వచ్చే సందర్శకులు, దాతలు తీసి వెబ్‌లో పెట్టే ఫొటోలకు సమ్మతి అడిగే ఆనవాయితీ ఇకనైనా మొదలు కావాలి.

బరువైన పుట.. బలహీన సిగ్నల్

వెబ్‌సైటు అందం గురించి మాట్లాడేవారు దాని బరువు గురించి మాట్లాడరు. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాలలో తొలి విడత నెలకొల్పిన సెల్ టవర్లు 2జీ సేవలవి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సహా 10 రాష్ట్రాలలోని అటువంటి 2,343 టవర్లను 4జీకి మార్చాలని కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో నిర్ణయించింది. టవరు మారిన చోట కూడా గుట్ట చాటున ఉన్న గూడేనికి సిగ్నల్ అరకొరగానే అందుతుంది.

సెకనుకు 100 కిలోబిట్ల వేగం అందుతున్నదనుకుందాం. 2 మెగాబైట్ల ఫొటోలున్న పుట తెరుచుకోవడానికి సుమారు 160 సెకన్లు పడుతుంది. 500 తెలుగు మాటల పుట, ఫొటోలు లేకుంటే, పన్నెండు కిలోబైట్ల లోపు. అది ఒక్క సెకనులో తెరుచుకుంటుంది. బడి గురించి ఊరికి కావలసినదంతా ఆ 500 మాటలలో ఇమిడిపోతుంది. ఉత్తర్వులను కాగితం మీద ముద్రించి, మళ్లీ ఫొటో తీసి పెట్టే అలవాటు మరొక చేటు. ఆ బొమ్మలో మాట వెతకడానికి వీలుండదు, చదివి వినిపించే సాధనానికి అందదు. ఒకప్పుడు తెలుగు వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వారు వాడడం వల్ల తెర మీద అక్షరాలకు బదులు గడులు కనిపించేవి. యూనికోడ్ వచ్చి ఆ బాధ తీరింది. భారత ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009లోనే మార్గదర్శకాలు వచ్చాయి. అయినా గూడెం బడి లెక్క ఆంగ్లంలో ఉండిపోవడానికి సాంకేతిక కారణమంటూ ఏదీ మిగలలేదు.

గోడే తొలి వెబ్‌సైటు

ఇంగ్లండ్‌లో 2012 సెప్టెంబరు నుంచి ప్రభుత్వ నిధులతో నడిచే పాఠశాలలు ఏయే వివరాలు వెబ్‌లో పెట్టాలో నిబంధన ఉన్నది. ప్రవేశాలు, తనిఖీ నివేదిక, పాఠ్యాంశాలు, పేద పిల్లల కోసం వచ్చిన నిధిని ఎలా ఖర్చుపెట్టారన్న వివరం, చిన్నపిల్లలకు చదవడం నేర్పడానికి ఏ పద్ధతి వాడుతున్నారన్నది కూడా ప్రకటించాలి. అందులో ఒక చిన్న నియమం మనవారు గమనించదగినది. తల్లిదండ్రులు అడిగితే అదే సమాచారం ఉచితంగా కాగితం మీద ఇవ్వాలి. ఇంటింటా ఇంటర్నెట్ ఉన్న దేశంలోనూ కాగితాన్ని వదలలేదు.

మన చట్టం ఇంతకంటే ముందే ఆ మాట చెప్పింది. 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రభుత్వ సంస్థలు ఎవరూ అడగకుండానే సమాచారం వెల్లడించాలన్నది. ఆ వెల్లడి ఎలా జరగాలో వివరిస్తూ నోటీసు బోర్డులు, పత్రికలు, బహిరంగ ప్రకటనలు, ప్రసార సాధనాలు అని వరుసగా చెప్పి, ఇంటర్నెట్‌ను ఆ తరువాత పేర్కొన్నది. స్థానిక భాషను కూడా దృష్టిలో పెట్టుకోవాలన్నది. చట్టం చూపిన వరుసలో గోడే ముందున్నది. సర్వశిక్షా అభియాన్ రోజులలో బడి గోడ మీద పిల్లల సంఖ్య, భోజనం పట్టిక, వచ్చిన గ్రాంటు రాయించిన పద్ధతి ఆ చట్టానికి దగ్గరగా ఉండేది. సున్నం వేసినప్పుడల్లా ఆ రాతలు చెరిగిపోవడం, మళ్లీ రాయించే డబ్బు ఎవరిదన్నది తేలకపోవడం అందరికీ తెలిసిన కథే.

వెబ్ పుటను, గోడ రాతను ఎదురెదురుగా పెట్టి చూస్తే ఒకదాని లోపం మరొకటి తీర్చగలదు. గోడ మీది రాత ఊరందరికీ కనిపిస్తుంది, పాతబడితే పిల్లలే చెబుతారు. అయితే ఊరు దాటి పోదు. వెబ్ పుట ఊరు దాటిపోతుంది, ఊరికి కనిపించదు. ప్రధానోపాధ్యాయుడు యూడైస్ ఫారం పూర్తిచేసిన రోజున దాని సారాంశం ఒక పేజీ తెలుగులో ముద్రించి, తేదీ వేసి నోటీసు బోర్డు మీద అంటించి, పాఠశాల యాజమాన్య కమిటీలో చదివి వినిపిస్తే సరిపోతుంది. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులు. సగం మంది మహిళలు. ఉపాధ్యాయుల సంఖ్య దగ్గర 'ఇద్దరు' అని చదివినప్పుడు ఒక్కరే కళ్లెదుట ఉంటే ఆ తేడా అక్కడికక్కడే బయటపడుతుంది. కోయలో చదివి చెప్పడానికి గూడెంలో పదో తరగతి చదివిన అమ్మాయి చాలు.

ఇందుకు కొత్త యాప్ అక్కరలేదు, కొత్త పోర్టల్ అక్కరలేదు. సమాచారం ఇప్పటికే ఉన్నది, దానిని తెలుగులో ముద్రించే మీట ఒకటి ఆ పుటలో ఉంటే చాలు. భాష మీట కేంద్రం చేతిలో ఉన్నది. కాగితం ఖర్చు, కమిటీలో చదవాలన్న ఉత్తర్వు రాష్ట్రాల చేతిలో ఉన్నాయి. భద్రాచలం బడికి ఆ ఉత్తర్వు హైదరాబాద్ నుంచి, కూతవేటు దూరంలోని ఎటపాక బడికి అమరావతి నుంచి రావలసి ఉన్నది.